పూల్ దాటి బయటి నీళ్ళలోకి: బావా, నదా, సముద్రమా?

ముప్పై అయిదో నలభయ్యో దాటాక పూల్‌లో ఈత నేర్చుకున్నవాళ్ళు రెండు మూడేళ్ళకు ఒక చోటికి వచ్చి ఆగిపోతారు. ఊపిరి కుదిరింది, ఆగకుండా కిలోమీటరు కొట్టగలరు. కానీ రోజూ అదే 25 మీటర్లు, అదే గోడ, అడుగున అదే నల్లగీత. బ్యాచ్ టైమ్ ముప్పావు గంట, లైన్‌లో ముందొకరు, వెనకొకరు. బయటి నీళ్ళలో ఈత ఎలా ఉంటుందన్న ఆలోచన సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

ఆ ఆలోచన మంచిదే. గోడ లేకపోవడం చిన్న తేడా కాదు. పూల్‌లో ప్రతి 25 మీటర్లకూ గోడను పట్టుకుని, తన్నుకుని మళ్ళీ బయల్దేరతాం. ఆ అరక్షణం విశ్రాంతికి ఒళ్ళు అలవాటు పడిపోతుంది. బయట అది దొరకదు. మొదటి పది నిమిషాలు గుండె దడదడలాడుతుంది, బారలు తొందరగా పడతాయి. ఆ తర్వాత ఊపిరీ చెయ్యీ ఒక లయలో పడి, లెక్కపెట్టడం మానేస్తాం. ల్యాపుల సంఖ్య పోయి ఈ ఘాట్ నుంచి ఆ ఘాట్, ఈ పడవ నుంచి ఆ రాయి అన్న దూరం వస్తుంది. వయసు కూడా ఇక్కడ అంతగా అడ్డం కాదు. వంద మీటర్ల పరుగు లాంటి ఈత కుర్రాళ్ళది. గంటసేపు ఒకే తీరులో సాగే ఈతకు కావలసింది ఓపిక, తన బలం ఎంతో తనకు తెలియడం. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత మొదలుపెట్టి, యాభైకి దగ్గరవుతున్న వయసులో, 2021 మార్చిలో, శ్రీలంకకూ మనకూ మధ్య ఉన్న పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. 2025 జనవరి నాటికి విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు, రోజుకు కొంత చొప్పున, సముద్రంలో ఈది ముగించారు.

అందరూ అంత దూరం వెళ్ళనక్కర్లేదు. ఒక కిలోమీటరు బయట ఈదినా పూల్‌లో దొరకనిది దొరుకుతుంది. తేలాల్సింది ఎక్కడ అన్నదే. మన రెండు రాష్ట్రాల్లో అందుబాటులో ఉన్న నీళ్ళు ఒకదానికొకటి పోలిక లేనివి. బావిలో భయం ఒకటి, నదిలో ప్రమాదం ఇంకొకటి, సముద్రానిది పూర్తిగా వేరే లెక్క.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది బయటికి ఎక్కే దారి. దిగడానికి ఎక్కడైనా దిగొచ్చు. ఒళ్ళు అలిసినప్పుడు, పిక్క పట్టేసినప్పుడు చేతికి అందే మెట్టో, నిలబడగలిగే ఇసుకో ఎంత దూరంలో ఉందన్నదే ఆ చోటు మీకు పనికొస్తుందా లేదా అన్నది చెబుతుంది. నీళ్ళు ఎంత అందంగా ఉన్నా, నున్నటి సిమెంటు గట్లు ఉండి ఎక్కే చోటు లేకపోతే అది ఈతకు చోటు కాదు.

తర్వాత నీటి వేగం. దీన్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. పూల్‌లో వంద మీటర్లకు రెండున్నర నిమిషాలు పట్టే మనిషి నిమిషానికి 40 మీటర్లు వెళ్తాడు. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళకు అది మంచి వేగమే. సెకనుకు ఒక మీటరు చొప్పున పారే కాలువ నీరు నిమిషానికి 60 మీటర్లు పోతుంది. గట్టు మీద నుంచి చూస్తే మనం మామూలుగా నడిచే వేగమే, ఏమంత భయంగా అనిపించదు. కానీ దానికి ఎదురీదితే ఆ మనిషి ఎంత బలంగా బారలు వేసినా నిమిషానికి 20 మీటర్లు వెనక్కే పోతాడు. అందుకని దిగే ముందు ఒక ఆకునో పుల్లనో నీళ్ళలో వేసి పది సెకన్లు చూడండి. అది మూడు మీటర్లు దాటి కొట్టుకుపోతే కొత్తవాళ్ళు ఆ రోజు ఒడ్డునే ఉండాలి.

మూడోది, మిమ్మల్ని చూసేవాళ్ళు ఎవరు? లైఫ్‌గార్డా, పక్కన తెప్పలో వచ్చే మనిషా, తోటి ఈతగాళ్ళా? ఒడ్డున కూర్చుని ఫోన్ చూసుకునే స్నేహితుడు లెక్కలోకి రాడు. ఈత రానివాడైతే మరీ ప్రమాదం. మిమ్మల్ని కాపాడబోయి తనూ దిగుతాడు.

నాలుగోది నీటి శుభ్రత. ఊరి మురుగు ఎక్కడ కలుస్తుందో కనుక్కోవాలి. వాన పడిన మర్నాడు, మర్నాడే కాదు రెండు మూడు రోజుల దాకా, పట్నాల పక్కన ఉన్న ఏ నీళ్ళయినా పనికిరావు. ఒంటి మీద మానని గాయం ఉంటే అసలే దిగకూడదు. వరద నీటి నుంచి వచ్చే ఎలుక జ్వరం ఆ దారినే ఒంట్లోకి పోతుంది.

ఇక మీ సంగతి. పూల్‌లో ఆగకుండా కిలోమీటరు, అడుగు అందని చోట పది నిమిషాలు నిలువీత, ఎప్పుడంటే అప్పుడు వెల్లకిలా తిరిగి తేలుతూ ఊపిరి సర్దుకోవడం, ఈ మూడూ వచ్చాకే మిగతా మాట. నా దృష్టిలో వీటిలో మూడోదే ముఖ్యం. కిలోమీటరు కొట్టగలిగి వెల్లకిలా తేలలేనివాళ్ళు చాలామంది ఉన్నారు. బయట నీళ్ళలో టెన్షన్ పట్టుకుంటే ఆదుకునేది ఆ తేలడమే.

| ఎక్కడ | బయటికి ఎక్కడం | నీటి కదలిక | చూసుకునేవాళ్ళు | మంచి కాలం |
|---|---|---|---|---|
| వ్యవసాయ బావి | మెట్లుంటే చాలా తేలిక | లేదు | మనవాళ్ళే ఉండాలి | నవంబరు–ఫిబ్రవరి |
| బ్యారేజీ ఎగువన నది | ఘాట్ల దగ్గర తేలిక | మామూలు రోజుల్లో తక్కువ, వరదలో విపరీతం | రోజూ ఈదే బృందాలు | నవంబరు–మార్చి |
| సాగునీటి కాలువ | కష్టం | ఎక్కువ | లేదు | ఏ కాలమూ కాదు |
| చెరువు, క్వారీ గుంత | కష్టం, బురద లేదా నిట్టనిలువు రాయి | కనబడదు, తూము దగ్గర లాగుడు | లేదు | ఏ కాలమూ కాదు |
| సముద్రం | అలలను బట్టి | రోజురోజుకూ మారుతుంది | కొన్ని బీచ్‌ల్లోనే లైఫ్‌గార్డులు | జనవరి–మార్చి, ఉదయం |
| నిర్వాహకులు జరిపే పోటీ | ఏర్పాటు ఉంటుంది | ముందే చూసి చెబుతారు | పడవలు, వైద్య సిబ్బంది | ఎక్కువగా చలికాలం |

బావి: దూరం లేని లోతు

పల్లెల్లో పుట్టినవాళ్ళు చాలామంది నడుముకు ఎండు సొరకాయలో, మునగ బెండ్లో, తర్వాతి రోజుల్లో ప్లాస్టిక్ డబ్బానో కట్టుకుని బావిలోనే నేర్చుకున్నారు. పూల్‌లో నేర్చుకున్న పట్నం మనిషికి బావి ఇంకో రకంగా పనికొస్తుంది. బయటి నీళ్ళలో మొదట పట్టుకునే భయం దూరం గురించి కాదు, కింద అడుగు కనబడకపోవడం గురించి. పూల్‌లో కళ్ళద్దాల్లోంచి టైల్స్ కనబడతాయి. బావిలో మొహం ముంచితే ముందు పచ్చగా, ఆ కింద నల్లగా ఉంటుంది, చెయ్యి మోచేతి దాకానే కనిపిస్తుంది. ఆ నలుపు మీద తేలడం అలవాటు చేసుకోవడానికి బావిని మించిన చోటు లేదు. ఎటు చూసినా నాలుగు బారల్లో గోడ ఉంటుంది. నీరు కదలదు.

దూరం ఈదడానికి మాత్రం పనికిరాదు, గుండ్రంగా తిరగడమే. నిలువీత, వెల్లకిలా తేలడం, కళ్ళద్దాలు లేకుండా ఈదడం, వీటి సాధనకు వాడుకోండి.

మూడు జాగ్రత్తలు. మోటారు స్టార్టర్ దగ్గరికి వెళ్ళి కరెంటు తీసేశారో లేదో మీ కళ్ళతో చూసుకుని గానీ దిగొద్దు. నీళ్ళలో వేలాడే కేబుల్‌కు ఎక్కడ చిన్న కోత పడ్డా ప్రాణం పోతుంది. వాన వచ్చి కరెంటు పోయినప్పుడు కూడా అంతే, ఏ క్షణమైనా తిరిగి వస్తుంది. రెండోది కాలం. చలికాలంలో నీరు మెట్ల దాకా ఉంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి నీరు కిందికి పోయి, ఆఖరి మెట్టుకూ నీటికీ మధ్య నిలువు రాయే మిగులుతుంది. అప్పుడు దిగితే ఎక్కలేరు. మూడోది, ఏళ్ళ తరబడి వాడకుండా వదిలేసిన పాడుబావుల జోలికి పోవద్దు. వాటిలో విషవాయువులు చేరి ఉండొచ్చు.

నది: చాలామందికి ఇదే సరైన మొదటి మెట్టు

నది అనగానే పారే నీళ్ళే గుర్తొస్తాయి. కానీ బ్యారేజీకి ఎగువన నది దాదాపు చెరువులా నిలిచి ఉంటుంది, అదే మనకు కలిసొచ్చే సంగతి. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. దాని పైన కృష్ణ దాదాపు అంత వెడల్పున పరుచుకుని ఉంటుంది. వరద లేని రోజుల్లో ఉదయం పూట ఆ నీరు కదులుతోందా అన్నట్టు ఉంటుంది. మెట్లున్న ఘాట్లు వరుసగా ఉన్నాయి, రోజూ తెల్లవారుజామున ఈత కొట్టేవాళ్ళ బృందాలున్నాయి, నది దాటే పోటీలు జరుగుతుంటాయి. రాజమండ్రి దగ్గర గోదావరి ఇంకా చాలా వెడల్పు. అక్కడి పాత రైలు–రోడ్డు వంతెన పొడవు నాలుగు కిలోమీటర్ల పైమాటే. ధవళేశ్వరం బ్యారేజీ దానికి దిగువన ఉండటంతో అక్కడా నిలకడైన నీరే, కానీ ఇసుక పడవల రాకపోకలు ఎక్కువ.

నేనైతే మొదటి సీజన్‌ను ఘాట్ల మధ్యే, ఒడ్డుకు సమాంతరంగా ఈదమంటాను. నది దాటాలన్న సరదా అందరికీ ఉంటుంది, దాన్ని రెండో ఏటికి ఉంచుకోండి. ఒడ్డుకు పది పదిహేను మీటర్ల దూరంలో సమాంతరంగా ఈదితే ఎప్పుడు అలసిపోతే అప్పుడు మెట్లెక్కేయొచ్చు. దారి తప్పకుండా ఈదడం నేర్చుకోవడానికి కూడా ఇదే చోటు. గీత లేని నీళ్ళలో ప్రతివాడూ ఒక పక్కకు తిరిగిపోతాడు, తనకు తెలియకుండానే. ఆరేడు బారలకోసారి మొసలిలా కళ్ళు మాత్రం నీటిపైకి ఎత్తి, ఎదుట ఉన్న గుర్తును చూసి, మొహం పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవాలి. తల మొత్తం ఎత్తితే నడుము కిందికి జారుతుంది, మెడ నొప్పి పుడుతుంది. గుర్తు పెద్దదిగా ఉండాలి: గుడి గోపురం, వంతెన స్తంభం, కొండ. పడవను గుర్తుగా పెట్టుకోకూడదు, అది కదిలిపోతుంది.

నదిలో ప్రాణాలు పోయేది ఎక్కువగా మూడు చోట్ల. ఇసుక తవ్విన గుంతల్లో: మోకాలి లోతు నీళ్ళలో నడుస్తూ ఒక్క అడుగు తేడాలో నిలువు మునక లోతులోకి పోతారు. వంతెన స్తంభాల పక్కన: అక్కడ నీరు సుడి తిరుగుతుంది, పాత ఇనుము కూడా ఉంటుంది. ఇక బ్యారేజీ గేట్ల దగ్గర: గేటు కొద్దిగా ఎత్తి ఉన్నా ఆ లాగుడు పైకి కనబడదు. గేట్లకు అర కిలోమీటరు లోపు వెళ్ళకపోవడమే పద్ధతి.

ఎగువన వాన ఎక్కడ పడిందో కూడా చూసుకోవాలి. మీ ఊళ్ళో ఎండ కాస్తుండగానే నది పెరుగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, అది అక్కడి రికార్డు. జూలై నుంచి అక్టోబరు దాకా కృష్ణా గోదావరుల్లో ఈత వద్దు. నీరు ఎర్రబడిందంటే ఎన్నాళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకైనా అదే నియమం. తెలంగాణలో మంజీరా వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట: సంగారెడ్డి దగ్గర అది మొసళ్ళ అభయారణ్యం.

కాలువలు, చెరువులు, క్వారీ గుంతలు

వీటి గురించి పొడుగ్గా చెప్పను, ఎందుకంటే వద్దనే చెబుతున్నాను. డెల్టా కాలువల్లో చిన్నప్పుడు ఈదినవాళ్ళకు ఈ మాట కష్టంగానే ఉంటుంది. అప్పట్లో మట్టి గట్లు, ఊరూరా రేవులు. ఇప్పుడు సిమెంటు లైనింగ్ వేసిన చోట గట్టు మీద పాకుడు పట్టి, చెయ్యి ఆనదు. పైగా లాకులు, సైఫన్లు, కింద తేలకుండా ఉండే మొద్దులు. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ వేగంలో మీరు ఎక్కడ ఎక్కాలో మీ చేతిలో ఉండదు.

చెరువుల్లో బురద, గుర్రపుడెక్క, నల్లమట్టి తవ్విన గుంతలు. తూము తెరిచి ఉంటే దగ్గరికి వెళ్ళినవాళ్ళను లోపలికి లాగేస్తుంది. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ తాగునీటి జలాశయాలు, అక్కడ దిగకూడదు. ఎండాకాలంలో వేడెక్కి నిలిచిపోయిన మంచినీటి గుంటల్లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. కేరళలో ఈమధ్య వరుసగా కేసులు వచ్చిన, మెదడు తినే అమీబా ముక్కు ద్వారానే లోపలికి పోతుంది. అరుదైన జబ్బే కానీ వస్తే బతకడం కష్టం.

క్వారీ గుంతల్లో నీరు నీలంగా, తేటగా ఉండి ఫొటోల్లో బాగుంటుంది. చుట్టూ నిలువు రాయి, ఎక్కే దారి ఉండదు, పైపైన వెచ్చగా ఉన్న నీరు రెండు మీటర్ల కింద చల్లగా ఉండి ఒళ్ళు బిగుసుకుంటుంది. ప్రతి వేసవిలో సెలవులకు వెళ్ళిన పిల్లలు వీటిలో పోతున్నారు. పెద్దవాళ్ళం అక్కడ ఈది వాళ్ళకు దారి చూపించకూడదు.

సముద్రం: ఇచ్చేదీ ఎక్కువే, అడిగేదీ ఎక్కువే

ఉప్పునీరు ఒంటిని పైకి ఎత్తి పట్టుకుంటుంది. పూల్‌లో కాళ్ళు కిందికి జారిపోయేవాళ్ళకు సముద్రంలో మొదటిసారి నడుము దానంతటది నీటి మట్టానికి రావడం పెద్ద సంతోషం. బంగాళాఖాతం నీరు ఏడాదంతా వెచ్చగానే ఉంటుంది కాబట్టి చలి సమస్య లేదు, ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు వెట్‌సూట్ కొనక్కర్లేదు. అలలు విరిగే చోటు దాటి లోపలికి వెళ్తే నీరు మెల్లగా ఎత్తి దించుతూ ఉంటుంది. దాని కోసమే చాలామంది పూల్ వదిలి వస్తారు.

మన తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లున్నా ఈతకు అనువైన చోట్లు కొన్నే. విశాఖలో ఆర్కే బీచ్ చూడటానికి అందమైనది, ఈతకు మంచిది కాదు. అక్కడ నీరు వెనక్కి లాగే పాయలు తరచుగా ఏర్పడతాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండలో స్నానానికి హద్దులు పెట్టి లైఫ్‌గార్డులను ఉంచారు, కొత్తవాళ్ళు ఆ హద్దుల్లోనే మొదలుపెట్టాలి. కాకినాడ తీరానికి హోప్ ఐలాండ్ అడ్డుగోడలా ఉండటంతో అలలు తక్కువ, కానీ ఓడరేవు, పడవలు, బురద. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో అడుగంతా ఒండ్రుమట్టి, చాలా దూరం లోతు తక్కువ. నడవడానికి తప్ప ఈతకు అంత బాగుండదు. బాపట్ల సూర్యలంకలో ఒడ్డు మెల్లగా దిగుతుంది కాబట్టి భయం లేదనుకుంటారు, అది నిజం కాదు.

లాగే పాయను గుర్తుపట్టడం నేర్చుకోకుండా సముద్రంలోకి దిగకూడదు. అలలు మోసుకొచ్చిన నీరంతా ఒడ్డున పేరుకుని, ఇసుక దిబ్బల మధ్య దొరికిన సందులోంచి తిరిగి లోపలికి పోతుంది. ఆ సందులో అలలు విరగవు. అటూ ఇటూ తెల్లటి నురుగు ఉండి మధ్యలో ఒక పట్టీ మాత్రం నున్నగా, కాస్త ముదురు రంగులో కనబడుతుంది. తెలియనివాళ్ళు ఇక్కడ అలలు లేవని సరిగ్గా అందులోనే దిగుతారు. కొన్నిసార్లు దాని వేగం సెకనుకు 2 మీటర్లు దాటుతుంది, ఒలింపిక్ ఈతగాళ్ళు కూడా ఎదురీదలేనంత. అందులో పడితే ఒడ్డు వైపు ఈదకండి. తేలుతూ ఊపిరి సర్దుకుని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురుగు కనబడే చోటికి చేరాక అలలతో పాటు ఒడ్డుకు రండి. దిగే ముందు పది నిమిషాలు ఎత్తైన చోట నిలబడి నీళ్ళను చూస్తే ఆ పాయ ఎక్కడుందో తెలిసిపోతుంది.

హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం స్థితిపై రోజూ సూచనలు ఇస్తుంది, ఎత్తైన అలల హెచ్చరికలూ అక్కడి నుంచే వస్తాయి. ముందురోజు రాత్రి అది చూడండి, పొద్దున్నే ఒడ్డున ఉన్న జాలర్లను అడగండి. వాళ్ళు "ఇయాళ వద్దు" అంటే ఇక వాదన లేదు. పొద్దెక్కాక సముద్రం నుంచి గాలి లేస్తుంది కాబట్టి ఎనిమిది లోపు బయటికి వచ్చేయాలి. తీరం వెంట నీరు కూడా ఒక పక్కకు నడుస్తుంటుంది. మొదటి సగం దానికి ఎదురుగా ఈది, తిరుగు ప్రయాణం దాంతో కలిసి చేస్తే అలసిపోయినప్పుడు సాయం దొరుకుతుంది. తిరగేసి చేస్తే అంతే కష్టం.

జెల్లీ చేప తగిలితే కంగారుపడి అక్కడ ఇసుకతో రుద్దకండి, మంచినీళ్ళు పోయకండి. సముద్రపు నీటితోనే కడిగి, ఒడ్డుకు వచ్చాక ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఆ భాగాన్ని ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పోటీలో పేరు ఇచ్చి ఈదడం

గెలవడానికి కాదు, మనల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళ కోసం. మంచి నిర్వాహకులు జరిపే పోటీలో పడవలు, కయాక్‌లు (తెడ్డుతో నడిపే చిన్న పడవలు), బోయాలు (నీటిపై తేలే గుర్తులు), డాక్టరు ఉంటారు; ఒంటరిగా ఎన్ని డబ్బులు పెట్టినా ఆ ఏర్పాటు చేసుకోలేం. మహారాష్ట్రలో మాల్వణ్ దగ్గర చివలా బీచ్‌లో డిసెంబరులో జరిగే సముద్రపు ఈత పోటీలు మొదటిసారి వెళ్ళేవాళ్ళకు అనువైనవి, తక్కువ దూరాల నుంచి ఉంటాయి, వయసుల వారీ విభాగాలు ఉంటాయి. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 అనే, ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన పోటీలో ఈత 1.9 కిలోమీటర్లు, రిలేలో చేరితే సైకిలూ పరుగూ మీ జట్టువాళ్ళకు వదిలి మీరు ఈత ఒక్కటే చేయొచ్చు. చాలామందికి తెలియని మంచి అవకాశం ఇది.

నష్టం ఏమిటంటే ఖర్చు, ప్రయాణం, మొదట్లో వందమంది ఒకేసారి దిగినప్పుడు తగిలే కాళ్ళూ చేతులూ. ఆ తోపులాట ఇబ్బంది అనుకుంటే అర నిమిషం ఆగి, ఒక పక్కగా దిగండి. పేరు ఇచ్చే ముందు నిర్వాహకులను అడగాల్సినవి: ఎంతమందికి ఒక పడవ? మధ్యలో మానేస్తే చెయ్యెత్తాలా, విజిల్ వేయాలా? నీటి స్థితి బాగోకపోతే రద్దు చేసేది ఎవరు? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పలేనివాళ్ళ పోటీకి వెళ్ళొద్దు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు

లండన్‌లో హాంప్‌స్టెడ్ హీత్ చెరువులు, డబ్లిన్ పక్కన ఫార్టీ ఫుట్, శాన్‌ఫ్రాన్సిస్కోలో అక్వాటిక్ పార్క్, ఇలా ఏళ్ళ తరబడి ఈతగాళ్ళు వాడుతున్న చోట్లు ఉన్నాయి. శుభ్రత, బృందాలు, ఏర్పాట్లు అన్నీ ఇక్కడికన్నా మెరుగు. కష్టం ఒక్కటే, చలి. 15 డిగ్రీల కంటే చల్లని నీళ్ళలోకి ఒక్కసారిగా దూకితే ఊపిరి అదుపు తప్పి నీరు మింగేస్తారు. మెల్లగా దిగి, ఊపిరి నిలకడ అయ్యేదాకా ఒడ్డు పట్టుకుని ఉండండి. బయటికి వచ్చాక కూడా ఒంటి వేడి కొంతసేపు పడిపోతూనే ఉంటుంది, కాబట్టి కబుర్లు తర్వాత, ముందు పొడిబట్టలు. వేసవిలో మొదలుపెట్టి శరదృతువు దాకా వారం వారం కొనసాగిస్తే ఒళ్ళు అలవాటు పడుతుంది. మన వెచ్చటి నీళ్ళలో పెరిగినవాళ్ళు మొదటి ఏడాది వెట్‌సూట్ వేసుకోవడంలో తప్పు లేదు.

ఎవరికి ఏది

లోతంటే భయం ఉన్నవాళ్ళు బావితో మొదలుపెట్టాలి, అదీ బంధువులదో తెలిసినవాళ్ళదో అయిన, మెట్లున్న బావి. దూరం ఈదాలన్న కోరిక ఉండి, విజయవాడ, రాజమండ్రి దగ్గర్లో ఉన్నవాళ్ళకు నది. హైదరాబాద్‌వాళ్ళకు దగ్గర్లో నేను నమ్మకంగా చెప్పగలిగే బయటి నీళ్ళు లేవు. పూల్‌లో సాధన చేసి, ఏడాదికి రెండు మూడుసార్లు విజయవాడకో, పోటీలకో వెళ్ళడమే మేలు. విశాఖలో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, కానీ ఒంటరిగా కాక, అక్కడ రోజూ ఈదే బృందంతోనే వెళ్ళాలి.

ఆడవాళ్ళకు ఇంకో లెక్క కూడా ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి సలహా ఇవ్వడం సరికాదు. ఘాట్లలో బట్టలు మార్చుకునే గది ఉందా, ఒడ్డున గుమిగూడి చూసేవాళ్ళ గోల లేకుండా ఈదగలరా? నది నీళ్ళు బాగున్నా ఈ కారణంగా మానుకున్నవాళ్ళు చాలామంది. నలుగురైదుగురు కలిసి వెళ్తే ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది. పోటీల్లో ఈ ఏర్పాట్లు ఉంటాయి కాబట్టి ఆడవాళ్ళకు నేను నది కన్నా ముందు పోటీనే సూచిస్తాను. పూర్తి చేతుల, మోకాళ్ళ దాకా ఉండే స్విమ్‌సూట్ ఎండ నుంచీ జెల్లీ చేపల నుంచీ కూడా కాపాడుతుంది.

బీపీ, షుగర్ అదుపులో ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి ఈదొచ్చు. మూర్ఛ ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు స్పష్టంగా సరే అంటే తప్ప బయటి నీళ్ళ జోలికి పోకూడదు.

సామాన్లకు పెద్దగా ఖర్చు లేదు. నారింజ లేదా చిలకపచ్చ రంగు టోపీ, ఎండకు రంగు కళ్ళద్దాలు, నడుముకు కట్టుకుని వెనక లాక్కెళ్ళే గాలి బోయా, ఒక విజిల్. నల్ల టోపీ, నీలం టోపీ వద్దు, వంద మీటర్ల అవతల నుంచి పడవవాడికి తల కనబడదు. చంకల్లో, మెడ దగ్గర వాజలైన్ రాసుకోకపోతే ఉప్పునీళ్ళకు ఒరుసుకుని రెండు రోజులు మంట పుడుతుంది.

కాలం ప్రకారం చూస్తే నవంబరులో బావిలోనో ఘాట్ దగ్గరో మొదలుపెట్టి, డిసెంబరులో ఒక చిన్న దూరం పోటీ చేసి, ఫిబ్రవరి, మార్చిల్లో సముద్రం చూడొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ పూర్తిగా రాకముందే ముగించేయాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా మళ్ళీ పూలే. అలలు ఏ పక్క నుంచి వస్తాయో ముందుగా తెలియదు కాబట్టి, ఆ అయిదు నెలల్లో కుడివైపూ ఎడమవైపూ ఊపిరి తీసుకోవడం సాధన చేసి ఉంచుకోండి.